మంచి ఏడాదిలో చేయాల్సిన పని
(ఎం.ఎస్. స్వామినాథన్ స్మారకోపన్యాస పాఠం)



స్వామినాథన్ గారి మీద ఎవరు మాట్లాడినా పొట్టి గోధుమతో మొదలుపెట్టి హరిత విప్లవంతో ముగిస్తారు. ఆ కథ మీకందరికీ తెలుసు. నేను ఆయన రాసినవాటిలో ఎవరూ పెద్దగా తిప్పి చూడని కొన్ని పేజీలతో మొదలుపెడతాను. 2004 నుంచి 2006 దాకా ఆయన జాతీయ రైతు కమిషన్‌కు అధ్యక్షులుగా ఉన్నారు, ఐదు నివేదికలు ఇచ్చారు. ఆ నివేదికల పేరెత్తితే ఇవాళ ఊళ్లో ఎవరైనా చెప్పేది ఒక్కటే: ఖర్చుకు మరో యాభై శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని. దాని కోసం ధర్నాలు జరిగాయి, మేనిఫెస్టోలు అచ్చయ్యాయి. ఆ అడగడంలో న్యాయం ఉంది, కాదనను. అయితే అదే కమిషన్ ఇంకో సంగతి కూడా చెప్పింది. కరువు సీమలకు కరువు నియమావళి, ముంపు సీమలకు వరద నియమావళి ఉండాలంది. వాటితోపాటు వానలు బాగా కురిసిన ఏడాది ఏం చేయాలో చెప్పే నియమావళి కూడా ఒకటి ఉండాలంది. 2007లో కేంద్రం తెచ్చిన జాతీయ రైతు విధానంలోనూ ఈ మాట చేరింది. తర్వాత దాని కోసం ఎవరూ రోడ్డెక్కలేదు.

ఆయన దాన్ని ప్రధానంగా ఎడారి ప్రాంతాలను, వాన తక్కువ పడే ప్రాంతాలను దృష్టిలో పెట్టుకుని చెప్పారు. నేను దాన్ని దేశమంతటికీ వర్తింపజేస్తున్నాను. తుపాను, వడగాలి, వడగళ్లు, అకాల వర్షం వీటి నుంచి దేశం తిండిని కాపాడే పనిలో చాలా భాగం అవి రాని రోజుల్లోనే జరగాలి. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి సాక్ష్యం.

మన పెద్దవాళ్లు కరువులకు సంవత్సరాల పేర్లు పెట్టుకున్నారు. 1832-33లో గుంటూరు సీమను తుడిచిపెట్టింది నందన కరువు. 1876లో మొదలైంది ధాత కరువు. ఆ రెండోదాంట్లో మద్రాసు రాజధాని అంతటా, ముఖ్యంగా రాయలసీమలో జనం రాలిపోతుంటే దేశంలోని రేవుల నుంచి ధాన్యం ఓడల్లో బయటికి పోతూనే ఉంది. సహాయక పనుల్లో రాళ్లు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం సరిపోతుందని సర్ రిచర్డ్ టెంపుల్ లెక్కకట్టాడు. ఆ ఘోరం తర్వాత కూర్చున్న కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1880ల్లో రాష్ట్రాలవారీ కరువు నియమావళులు వచ్చాయి. ఏ సూచనలు కనబడితే కరువు వచ్చినట్టు లెక్క, పనులు ఎప్పుడు తెరవాలి, కూలి ఎంత ఇవ్వాలి, అంబలి ఎవరికి పోయాలి, అన్నీ అందులో ఉన్నాయి. తెల్లదొరల రాతలైనా వాటిని నేను తీసిపారేయను, అవి ప్రాణాలు నిలిపాయి. కానీ వాటి బరువంతా పంట పోయాక చేసే సహాయం మీదే. పంట పోకముందు చేయాల్సిన పనికి అందులో చోటు తక్కువ. మన విపత్తు నిర్వహణకు ఇప్పటికీ ఆ వాసన పోలేదు.

1943 బెంగాల్ కరువు నాటికి స్వామినాథన్ గారు పదిహేడు, పద్దెనిమిదేళ్ల కుర్రాడు. కుంభకోణంలో వాళ్ల నాన్నగారు డాక్టరుగా ఉండేవారు, ఇంట్లో అందరూ ఈయనా వైద్యమే చదువుతాడనుకున్నారు. బెంగాల్ వార్తలు ఆయన్ని వ్యవసాయం వైపు తిప్పాయని ఆయనే చాలాసార్లు చెప్పారు. ఆ కరువు ఎలా పుట్టిందో ఒక్కసారి చూడండి. 1942 అక్టోబరు 16న మిడ్నపూర్ తీరాన్ని తుపాను కొట్టింది. వెన్ను మీదున్న అమన్ వరి దెబ్బతింది. తుపాను తెచ్చిన తేమకు గోధుమ రంగు మచ్చ తెగులు విజృంభించింది. అప్పటికే బర్మా జపాను చేతిలో పడి అక్కడి బియ్యం ఆగిపోయింది. శత్రువు చేతికి చిక్కకూడదని సర్కారు తీరప్రాంతాల్లో ధాన్యాన్నీ పడవలనూ స్వాధీనం చేసుకుంది. సైన్యం ఖర్చులతో ధరలు పెరిగాయి. కొనే శక్తి లేని కూలీలు, జాలర్లు, చేతివృత్తుల వాళ్లు ముందు పోయారు. సుమారు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ ఏడాది తిండి గింజల లోటు ఎంతన్నదాని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. గింజల లోటు కన్నా కొనే శక్తి పోవడమే అసలు కారణమన్నది అమర్త్యసేన్ వాదన. నాకు అర్థమైనంతలో తుపాను మొదటి దెబ్బ మాత్రమే వేసింది, మిగిలిన దెబ్బలన్నీ మనుషులు వేశారు. ఆ కరువు పాఠంగానే 1946లో కటక్‌లో కేంద్ర వరి పరిశోధనా సంస్థ వెలిసింది.

1979లో మళ్లీ పెద్ద కరువు వచ్చింది. ఆహారధాన్యాల దిగుబడి అంతకు ముందటి ఏడాది సుమారు 13 కోట్ల 20 లక్షల టన్నులుంటే అది 11 కోట్లకు పడిపోయింది. ఒక్క ఏడాదిలో ఆరో వంతు పోయిందన్నమాట. అప్పుడు కేంద్ర వ్యవసాయ శాఖ బాధ్యతల్లో ఉన్నది స్వామినాథన్ గారే. ఆకలి చావుల వార్తలతో పేపర్లు నిండాల్సిన ఏడాది అది. అలా జరగలేదు. అంతకు ముందు కొన్నేళ్లు పంటలు బాగా పండాయి, ఆ పంటను కొని గిడ్డంగుల్లో వేశారు. 1966లో కరువొస్తే అమెరికా ఓడ ఎప్పుడొస్తుందా అని రేవు వైపు చూసిన దేశం, పదమూడేళ్లకు తన గోదాం తలుపు తాను తీసుకుంది.

ఇక ఈ మధ్య సంగతి. 2022 మార్చి. దేశమంతటి ఉష్ణోగ్రతల లెక్క దొరికే 1901 నుంచి చూస్తే అంత వేడి మార్చి లేదు. పంజాబ్, హరియాణా పొలాల్లో గోధుమ గింజ పాలు పోసుకుని గట్టిపడే సమయం అది. ఆ దశలో చల్లని రాత్రులు కావాలి. వేడి ఎక్కువైతే మొక్క తొందరపడి పండిపోతుంది, గింజ నిండదు, తాలు, పీలగింజ ఎక్కువవుతుంది. దిగుబడి మొదటి అంచనా 11 కోట్ల 13 లక్షల టన్నులు, తర్వాత దాన్ని తగ్గించారు. అంతకన్నా పెద్ద దెబ్బ సేకరణలో పడింది. అంతకు ముందటి ఏడాది సర్కారు కొన్నది 433 లక్షల టన్నులు, ఆ ఏడాది 188 లక్షలు. వేడి ఒక్కటే దీనికి కారణమంటే అబద్ధమవుతుంది. ఉక్రెయిన్ యుద్ధంతో బయట ధర పెరిగి, వ్యాపారులు మద్దతు ధర కన్నా ఎక్కువిచ్చి కొన్నారు. వాతావరణం ఎప్పుడూ ఒంటరిగా రాదు, పక్కన ఇంకేదో ఉంటుంది. ప్రపంచానికి గోధుమ మేమిస్తామని ఏప్రిల్‌లో ఢిల్లీలో మాటలు వినబడ్డాయి, మే 13న ఎగుమతి నిషేధం వచ్చింది. ఉచిత రేషన్‌లో చాలా రాష్ట్రాలకు గోధుమ తగ్గించి బియ్యం ఇచ్చారు. ఇవ్వడానికి బియ్యం ఉన్నాయి కాబట్టి ఇచ్చారు. 80 కోట్ల మందికి రేషన్ ఆగలేదు. ఈ మాట ఎవరైనా గర్వంగా చెప్పుకుంటే నేను అభ్యంతరం చెప్పను.

2023 ఆగస్టు మరో తీరు. 1901 తర్వాత అంత పొడి ఆగస్టు లేదు, వాన మూడో వంతుకు పైగా తక్కువ పడింది. అంతకు ముందే, జూలై 20న, బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం ఆపేసింది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో నలభై శాతం దాకా మనదే. ఆ వారాంతంలో డాలస్, న్యూజెర్సీ లాంటి చోట్ల మనవాళ్లు సోనామసూరి సంచుల కోసం ఇండియన్ స్టోర్ల ముందు బారులు తీరారు, కొన్ని షాపులు ఇంటికి ఒక్క సంచే అన్నాయి. ఆ వీడియోలు చూసి ఇక్కడ మనం నవ్వుకున్నాం. పడమటి ఆఫ్రికాలో మన బియ్యం తిని బతికే పేదవాడికి అది నవ్వులాట కాదు. దేశంలో ధర పెరిగినప్పుడల్లా తలుపు మూయడం అలవాటైతే బయట మన మాటకు విలువ పోతుంది, లోపల రైతుకు ధర పోతుంది. నిల్వలు నిండుగా ఉన్నవాడికి ఆ తొందర అక్కర్లేదు.

నిల్వల లెక్క కూడా ఒక్కసారి వినండి. జూలై 1 నాటికి కేంద్రం దగ్గర బియ్యం 135 లక్షల టన్నులు, గోధుమ 276 లక్షల టన్నులు కనీసం ఉండాలన్నది నియమం. అందులో 50 లక్షల టన్నులు గడ్డు కాలానికి విడిగా పెట్టినవి. బియ్యం విషయంలో చాలా ఏళ్లుగా ఇంతకు మించి మూలుగుతున్నాయి. అయితే మనం తినేది బియ్యం, గోధుమలేనా? 2014, 2015 రెండేళ్లు వరసగా వానలు తగ్గితే 2015 అక్టోబరులో కందిపప్పు కిలో 200 దాటింది. పప్పుల నిల్వ అన్న ఆలోచన ఆ తర్వాతే గట్టిపడింది. వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. టమాటా సంగతి మదనపల్లె మార్కెట్‌ను అడగండి: 2023 జూలైలో పట్నాల్లో కిలో 200 పలికింది, కొన్ని వారాలకే నేల మీదికి వచ్చింది. టమాటాను గోదాంలో పెట్టలేం, దానికి మందు వేరే ఉండాలి, అది ఇవాళ్టి విషయం కాదు.

దేశం గోదాం దాకా చెప్పుకున్నాం. అక్కడికి చేరకముందు గింజ ప్రయాణం ఉంది చూడండి, కష్టమంతా అక్కడే. దానికి నేను మన కృష్ణా, గోదావరి డెల్టానే తీసుకుంటాను, ఎందుకంటే నాకు తెలిసిన నేల అది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా చనిపోయారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మన తీరంలో ప్రాణనష్టం బహు స్వల్పం. మచిలీపట్నం, విశాఖ రాడార్లు, వాతావరణ శాఖ ముందస్తు కబురు, తుపాను షెల్టర్లు, ఊళ్లు ఖాళీ చేయించే యంత్రాంగం, ఇవన్నీ నలభై ఏళ్ల కృషి. దానికి చేతులెత్తి మొక్కాలి. కానీ కబురు విని మనిషి లేచి నడవగలడు, చేను నడవలేదు. మిచాంగ్ వచ్చేనాటికి కృష్ణా, గోదావరి జిల్లాల్లో సార్వా వరి కొంత కోతకు నిలబడి ఉంది, కొంత పనల మీద ఉంది, కొంత రోడ్ల పక్కన రాశులుగా ఆరుతోంది. మూడు చోట్లా తడిసింది. నిలబడ్డది పడిపోయింది. పనల మీదున్నది నీళ్లలో తేలి మొలకెత్తింది. రాశిలో ఉన్నది బరకాల కింద ఆవిరి పట్టి రంగు మారింది.

ఇక్కడ పాతకాలం రైతు చేసిన పని ఒకటి గుర్తుచేస్తాను. పొగడ్త కోసం చెప్పడం లేదు, ఇంజనీరింగ్ కోసం చెబుతున్నాను. అప్పట్లో పనలు ఆరగానే కట్టలు కట్టి, మెరకన కుప్ప వేసేవారు. వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి, పైన గడ్డితో గోపురంలా కప్పు. వాన నీళ్లు జారిపోయేవి. లోపల ధాన్యం నెలల తరబడి చెక్కు చెదరకుండా ఉండేది, తీరిగ్గా సంక్రాంతి తర్వాత నూర్చుకునేవారు. గాలి చొరబడే, వాన చొరబడని గిడ్డంగి అది, ఖర్చు కూలీలదే. ఇప్పుడు కుప్ప వేసే కూలీలు దొరకరు, దొరికినా గిట్టదు. కోత మిషన్ చేలోకి దిగి కోసి, నూర్చి, పచ్చి ధాన్యాన్ని ట్రాక్టర్లో పోసి పోతుంది. ఆ ధాన్యంలో తేమ ఇరవై శాతానికి పైనే. కొనుగోలు కేంద్రం 17 శాతం దాటితే ఒప్పుకోదు. ఆ తేడా ఆరబెట్టడానికి రైతుకు కావాల్సినవి ఎండ, చోటు, కొన్ని రోజులు. నవంబరు నెలాఖరులో ఈ మూడూ తుపాను చేతిలో ఉంటాయి. అంటే మిషన్ వచ్చి కోతను గంటల్లోకి తెచ్చింది, కుప్ప పోయి ధాన్యం రక్షణ పోయింది, ఆ ఖాళీని మనం దేనితోనూ నింపలేదు. తిరిగి కుప్పలు వేయమని నేను చెప్పను. ఊళ్ల మధ్య ధాన్యం ఆరబెట్టే డ్రయ్యర్లు, సహకార సంఘం ఆవరణలో గోదాం, పక్కా కళ్లాలు కావాలంటున్నాను. సహకార సంఘాల ద్వారా ఐదేళ్లలో 700 లక్షల టన్నుల గిడ్డంగులు కడతామని కేంద్రం 2023 మేలో నిర్ణయించింది. అందులో తీరప్రాంత సంఘాలకు డ్రయ్యర్ లేని గోదాం ఇస్తే సగం పనే చేసినట్టు.

పడిపోయిన చేనుకు మన వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక చిట్కా చెబుతారు: ఐదు శాతం ఉప్పు నీళ్లు వెన్నుల మీద పిచికారీ చేస్తే మొలక ఆగుతుందని. పని చేస్తుంది. కానీ ముందు చేలో నీళ్లు పోవాలి. నీళ్లు పోవాలంటే మురుగు కాలువ పారాలి. ఇదిగో, అసలు గొంతు ఇక్కడ పట్టుకుంది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో ముగించాడు, మనం ఆయనకు విగ్రహాలు పెట్టాం, ఒక వరి వంగడానికి కాటన్‌దొర సన్నాలు అని పేరు కూడా పెట్టుకున్నాం. చేలోకి నీళ్లు తెచ్చినవాణ్ణి పూజించే మనం, చేలోంచి నీళ్లు పోయే దారిని చెత్తకు వదిలేశాం. డెల్టా డ్రెయిన్ల మీద 1960ల్లో మిత్రా కమిటీ వేశారు, వివరంగా నివేదిక వచ్చింది. పనులు కొన్ని జరిగాయి, తర్వాత గుర్రపు డెక్క పెరిగింది, గట్లు ఆక్రమణకు పోయాయి, సముద్రం దగ్గర మొగలు ఇసుక మేటతో పూడాయి. కొల్లేరు నీళ్లకు ఉప్పుటేరు తప్ప దారి లేదు. 2011లో కోనసీమ రైతులు ఇక సార్వా వేయం అని పంట విరామం ప్రకటించారు. వాళ్ల ఫిర్యాదుల్లో గిట్టుబాటు ధరతోపాటు ముంపు కూడా ఉంది. దాని మీద మోహన్ కందా కమిటీ వేశారు. దేశానికి అన్నం పెట్టే డెల్టా విసిగి నాట్లు మానేసిందంటే, ఆ సంగతి ఢిల్లీలో ఆహార భద్రత మీద జరిగే ప్రతి సభలో మొదటి అంశం కావాలి. అయిందా?

తెలంగాణలో యాసంగిది ఇంకో కథ. మార్చి, ఏప్రిల్లో వడగళ్లు పడితే గింజ రాలిపోతుంది, కల్లాల్లో వడ్లు తడుస్తాయి. వడగళ్లు పడకపోతే ఎండ. ఆ ఎండకు గింజలో పగుళ్లు వచ్చి పచ్చి బియ్యంగా ఆడిస్తే నూకలే. అందుకని ఉప్పుడు బియ్యం చేయాలి. కేంద్రమేమో అప్పట్లో ఉప్పుడు బియ్యం మాకొద్దంది. 2021, 2022 సంవత్సరాల్లో రాష్ట్రానికీ కేంద్రానికీ నడిచిన పెద్ద తగువుకు మూలం ఆ గింజలో పడ్డ పగులు. నాట్లు రెండు వారాలు ముందుకు జరిగితే ఈ రెండు గండాలూ చాలావరకు తప్పుతాయి. డెల్టాలోనూ అంతే, కాలువకు జూన్ మొదట్లో నీళ్లొదిలితే కోత నవంబరు నెలాఖరు తుపాన్లకు ముందే ముగుస్తుంది. ఖర్చు లేని రక్షణ ఇది. నీళ్ల విడుదల తేదీ మీద ఇంజనీరు, రైతు, మిల్లరు ఒక్క మాట మీదికి రావడమే దీని ఖరీదు. అదేం తక్కువ ఖరీదు కాదులెండి.

విత్తనం సంగతి చెప్పకుండా స్వామినాథన్ గారి సభ ముగియదు. మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, ఎంటీయూ 7029, మన సరిహద్దు దాటి ఒడిశా, బెంగాల్, బిహార్ దాకా పాకింది. అక్కడి పల్లపు నేలల్లో వరదొచ్చి వారం, పది రోజులు చేను మునిగితే స్వర్ణ చచ్చిపోయేది. మునిగిన వరి మొక్క మామూలుగా గాలి కోసం పైకి సాగుతుంది, ఆ సాగడంలో ఒంట్లో ఉన్న పిండి పదార్థమంతా ఖర్చుపెట్టి, నీళ్లు తీసేసరికి నీరసించి పడిపోతుంది. ఒడిశా దేశవాళీ వరిలోంచి దశాబ్దాల కిందటే ఏరి ఉంచిన ఒక రకం ఉంది, పేరు ఎఫ్ఆర్13ఎ. అది ముంపులో ఎదుగుదల ఆపుకుని ఊరుకుంటుంది, నీళ్లు పోయాక చిగురు వేస్తుంది. ఆ గుణానికి కారణమైన జన్యువును 2006లో గుర్తించారు. దాన్ని స్వర్ణలోకి తెచ్చి, 2009లో స్వర్ణ సబ్-1 పేరుతో విడుదల చేశారు. రెండు వారాల ముంపును అది తట్టుకుంటుంది. మన మార్టేరు వంగడం, ఒడిశా రైతు కాపాడిన గుణం, ఫిలిప్పీన్స్ అంతర్జాతీయ వరి సంస్థ పరిశోధన, మూడూ కలిస్తే ఆ గింజ పుట్టింది. ఎప్పుడో ఎవరో ఆ దేశవాళీ గింజను పనికిరాదని పారేసి ఉంటే ఈ కథ లేదు. మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ రకాలు లక్షకు పైగా చలిగదుల్లో ఉన్నాయి. రేపటి వేడికి జవాబు వాటిలో ఎక్కడో ఉండొచ్చు. అయితే ఒక మాట. సబ్-1 లేత చేను మునిగితే కాపాడుతుంది, కోతకొచ్చిన చేను పడిపోతే దానికీ చేతకాదు. విత్తనం ఉంది కదా అని డ్రెయిన్ మరిచిపోవడం కుదరదు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల దళిత మహిళల సంఘాలు, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో, 1990ల మధ్యలో ఇంకో దారి తొక్కాయి. బీడు భూములు దున్నించుకోవడానికి అప్పిచ్చి, ఆ అప్పును జొన్నల్లో తిరిగి తీసుకుని, ఊళ్లోనే నిల్వ చేసి, ఎవరు ఎంత పేదవాళ్లో ఊరంతా కూర్చుని తేల్చుకుని, ఆ లెక్కన చవగ్గా పంచుకున్నారు. ఒకే చేలో రకరకాల పంటలు కలిపి వేస్తారు కాబట్టి ఏ వాన తప్పినా ఏదో ఒకటి చేతికొస్తుంది. అది దేశం మొత్తానికి తిండి పెట్టే పద్ధతి అని నేను అనను. అయితే రైలు, లారీ, గోదాం ఏవీ అక్కర్లేని రక్షణ అది. ఊరి స్థాయిలో అలాంటిదొకటి ఉండాలి.

చివరగా డబ్బు. పంట నష్టం 33 శాతం, అంతకు మించి ఉంటే పెట్టుబడి రాయితీ ఇస్తారు. ఎవరికి? గోదావరి జిల్లాల్లో చేను చేసేది ఎక్కువగా కౌలు రైతు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం అతనికి సాగుదారు కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. చాలాచోట్ల యజమాని భయపడి సంతకం పెట్టడు. తుపాను ఒకరి కష్టాన్ని ముంచుతుంది, పరిహారం ఇంకొకరి ఖాతాలో పడుతుంది. ఆ రైతు మరుసటి ఏడాది చేను వదిలేస్తే దాన్ని వాతావరణ నష్టం అని ఏ లెక్కా రాయదు. ఆ సంతకం షరతు తీసేయాలి. ఇది చేయడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు, శాసనసభ చాలు.

ఏటా ఏప్రిల్లో డెల్టా కాలువలు కట్టేస్తారు. డ్రెయిన్లలో పూడిక, గుర్రపు డెక్క తీయడానికి, మొగలు తెరవడానికి చేతిలో ఉండేది ఏప్రిల్, మే నెలలే. జూన్‌లో నీళ్లొస్తే ఆ పని మళ్లీ ఏడాదికి. ఈ సభలో డెల్టా వాళ్లు చాలామంది ఉన్నారు. మే నెలాఖరులోపు ఒకసారి మీ ఊరి డ్రెయిన్ గట్టు మీదికి వెళ్లి చూడండి. పని జరగకపోతే ఎమ్మెల్యేను, ఇంజనీరును, సంఘం అధ్యక్షుణ్ణి అప్పుడే నిలదీయండి. నవంబరులో నడుం లోతు నీళ్లలో నిలబడి అడిగితే వాళ్లు ఇవ్వగలిగేది పరిహారం ప్రకటన మాత్రమే.